సరిహద్దు కొండల్లో జింక వేట: బయల్దేరే ముందు

(అరిజోనాలోని చాండ్లర్‌లో, వేట సీజన్‌కు ముందు తెలుగువాళ్ల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని ఇంతమంది వచ్చారంటే ఈసారి డ్రాలో, అదే వేట అనుమతుల లాటరీలో, మనవాళ్లకు ట్యాగ్‌లు బాగానే తగిలినట్టున్నాయి. (నవ్వులు) వేట ప్రాంతాల్లో 36బి యూనిట్ వచ్చినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. 36సి? వాచూకా కొండలవైపు, 35ఎ? సరే, సగానికి పైనే ఉన్నారు. ఈ మూడు యూనిట్లూ మెక్సికో సరిహద్దు దాకా ఉంటాయి. అంటే మీరు కూర్చునే గట్టు మీద నుంచి దక్షిణానికి చూస్తే కనిపించే కొండ వేరే దేశంలో ఉండొచ్చు.

జింక ఎలా దొరుకుతుందో నేనివాళ చెప్పను. అది చెప్పడానికి ఇక్కడ నాకంటే గట్టివాళ్లు ఉన్నారు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టు తిరిగి రావడం గురించి మాట్లాడదాం.

ముందు ఒక్క మాట. మన ఊరికి ఫోన్ చేసి జింక వేటకు వెళ్తున్నానంటే అవతల అమ్మ గుండె జారిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర జింకను కొడితే జైలే కదా. ఇక్కడ పద్ధతి వేరు. ఎన్ని జింకలున్నాయో లెక్కగట్టి, ఎన్నింటిని తియ్యొచ్చో నిర్ణయించి, దానికి తగ్గట్టు ట్యాగ్‌లు ఇస్తారు. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను 1937 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే వెళ్తుంది. అమ్మకు ఇది చెప్పి చూడండి. ఒప్పుకోకపోవచ్చు. (నవ్వులు)

ఇక అసలు విషయం. సరిహద్దు అనగానే అందరూ అడిగేది స్మగ్లర్లు, కార్టెల్ అనే డ్రగ్స్ ముఠాల గురించే. దానికి వస్తాను. కానీ మన తెలుగువాళ్లకు అంతకంటే ముందు వచ్చే ప్రమాదం కొండల్లో లేదు, పర్సులో ఉంది. ఇక్కడ గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లంతా హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఓపీటీ మీద ఉన్న పిల్లలు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటి: ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. అరిజోనా లైసెన్స్ కొన్న రోజు నుంచి 365 రోజులు. 366వ రోజు మీ కారు డిక్కీలో ఒక్క తూటాల డబ్బా ఉన్నా అది ఫెడరల్ నేరమే. ఫ్రెండ్ తుపాకీని కాసేపు మోసినా అంతే. 2022 తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. శిక్ష సంగతి అలా ఉంచి, తుపాకీ కేసు అంటే వీసా, గ్రీన్ కార్డు ఫైలు, ఇల్లు, పిల్లల స్కూలు అన్నీ ఒక్కసారిగా తలకిందులవుతాయి. నేను లాయర్‌ని కాదు. లైసెన్స్ కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి కట్టే ఫీజు మీ రైఫిల్ మీద పెట్టే స్కోప్ ధరలో పావు కూడా ఉండదు. మూడు వేల డాలర్ల బైనాక్యులర్స్ కొని, లాయర్ దగ్గర బేరమాడేవాళ్లను చూశాను.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఒరిజినల్ జేబులో పెట్టుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్, పాస్‌పోర్టు. 18 దాటిన విదేశీయులు ఎప్పుడూ ఆ రిజిస్ట్రేషన్ కాగితం వెంట ఉంచుకోవాలన్నది పాత చట్టమే, ఈమధ్య గట్టిగా పట్టించుకుంటున్నారు. జిప్‌లాక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. ఫోన్లో ఫొటో ఉందిలే అంటే కుదరదు.

సరిహద్దు ఊరు నొగాలెస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఐ-19 హైవే మీద టుబాక్ దగ్గర బోర్డర్ పెట్రోల్, అంటే సరిహద్దు గస్తీవాళ్ల చెక్‌పాయింట్ ఉంటుంది. ఇలాంటి చెక్‌పాయింట్లలో ఏ అనుమానం లేకపోయినా బండి ఆపి ప్రశ్న అడగొచ్చని 1976లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ‘నన్నెందుకు ఆపారు’ అని వాదన పెట్టుకోవద్దు. తుపాకీ ఖాళీ చేసి కేసులో, వెనకాల. తూటాలు వేరే. అడిగితే ఉందని చెప్పండి. నవంబర్లో రోజంతా వేటగాళ్ల బళ్లే వాళ్లకు, కొత్తేం కాదు. చేతులు స్టీరింగ్ మీద ఉంచి, అడిగినదానికి మాత్రం జవాబివ్వండి. జోకులు వద్దు. మన వాళ్లకు టెన్షన్‌లో జోకులు వస్తాయి, అది నాకు తెలుసు.

అదే ఐ-19 దక్షిణంగా వెళ్లే దారి మెక్సికో గేటు దగ్గరే ఆగుతుంది. ఈ రోడ్డు మీద దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, అమెరికాలో ఇంకే ఇంటర్‌స్టేట్ మీదా అలా ఉండదు. మనవాళ్లు అది చూసి ముచ్చటపడుతూ ఎగ్జిట్ దాటిపోతారు. పెన్యా బ్లాంకా చెరువు, రూబీ రోడ్డు వైపు వెళ్లాలంటే నొగాలెస్‌కు ముందే దిగాలి. పెట్రోలు కోసమో టిఫిన్ కోసమో ఊళ్లోకి వెళ్లి, ఫోన్ మ్యాప్ చెప్పిన లేన్‌లో దూరారనుకోండి, ఒక చోటు దాటాక యూటర్న్ ఉండదు. బండిలో రైఫిల్ ఉంటుంది. పర్మిట్ లేకుండా తుపాకీతో, చివరికి వట్టి తూటాలతో మెక్సికోలోకి వెళ్లినా అక్కడ పెద్ద నేరం. 2014లో అమెరికా మెరైన్ ఒకరు ట్రక్కులో తుపాకులతో టిహువానా గేటు దాటాడు. దారి తప్పానన్నాడు. అమెరికా పార్లమెంటు సభ్యులు రంగంలోకి దిగినా బయటికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న మన గురించి ఎవరు దిగుతారో మీరే ఊహించుకోండి. నా సలహా: పెట్రోలు గ్రీన్ వ్యాలీలోనే కొట్టించండి, నొగాలెస్ ఊళ్లోకి తుపాకీతో అసలు వెళ్లొద్దు.

ఇప్పుడు కొండల్లోకి వద్దాం. మనం వెళ్లేది కూజ్ డీర్ కోసం. తెల్లతోక జింకల్లో చిన్న రకం, మగది కూడా 45 కిలోలు దాటడం అరుదు. ఓక్ చెట్లు, గడ్డి, రాళ్లు కలిసిన వాలుల్లో బూడిద రంగులో కలిసిపోతుంది. అందుకే ఈ వేటలో నడక తక్కువ, చూపు ఎక్కువ. ట్రైపాడ్ మీద పెద్ద బైనాక్యులర్స్ బిగించి ఎదురు వాలును గంటలకొద్దీ గాలిస్తాం. ఈ పద్ధతే మనకు సగం రక్షణ. జింక కంటే ముందు మనిషి కనిపిస్తాడు. ఉదయం కూర్చోగానే పది నిమిషాలు జింకల్ని మర్చిపోయి మనుషుల్ని వెతకండి. గట్ల అంచులు, లోయ మలుపులు, పొదల నీడలు.

స్కోప్‌తో మాత్రం చూడొద్దు. స్కోప్‌తో మనిషిని చూశారంటే తుపాకీ గురిపెట్టారనే అర్థం. అవతలివాడు బోర్డర్ పెట్రోల్ ఏజెంట్ కావచ్చు, ఇంకో వేటగాడు కావచ్చు, తుపాకీ ఉన్న స్మగ్లర్ కావచ్చు. ముగ్గురికీ కోపం వస్తుంది.

ఆ కొండల్లో తిరిగేవాళ్లు రకరకాలు. కూలి పని కోసం వచ్చేవాళ్లు, వాళ్లను నడిపించే గైడ్లు, డ్రగ్స్ సరుకు మోసేవాళ్లు, గట్ల మీద కూర్చుని బోర్డర్ పెట్రోల్ ఎటు పోతోందో రేడియోలో చెప్పే కాపలాదారులు. వీళ్లలో దాదాపు అందరికీ కావాల్సింది ఒక్కటే, ఎవరి కంటా పడకపోవడం. అడుగుజాడలు పడకుండా బూట్లకు కార్పెట్ ముక్కలు కట్టుకుంటారు. ఎండకు మెరవకుండా నల్ల నీళ్ల డబ్బాలు మోస్తారు. నల్ల డబ్బాలు, కార్పెట్ చెప్పులు, గోనె పట్టీల మూటలు కనిపించాయంటే అది వాళ్ల దారి. పాత డబ్బా ఒకటి పడి ఉంటే కంగారు పడక్కర్లేదు. కొత్తగా, నిండా సరుకుతో మూట కనిపిస్తే ముట్టుకోవద్దు, ఫొటోలు తీస్తూ నిలబడొద్దు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని, దూరం వెళ్లాక 911కి చెప్పండి.

ఇంకో రకం ఉన్నారు, సరుకు మోసేవాళ్లను దోచుకునే ముఠాలు. ఇక్కడ రిప్ క్రూ అంటారు. 2010 డిసెంబర్ 14 రాత్రి రియో రికో దగ్గర పెక్ కెన్యన్‌లో అలాంటి ముఠాతో జరిగిన కాల్పుల్లో బోర్డర్ పెట్రోల్ ఏజెంట్ బ్రయన్ టెర్రీ చనిపోయాడు. మనం జింక కోసం కూర్చునే కొండలే అవి. అందుకే ప్రమాదం లేదని నేననను. అది జరిగింది రాత్రి పూట, అలాంటివాళ్ల కోసమే ఏజెంట్లు కాపు కాసిన చోట అన్నది కూడా గుర్తుంచుకోండి.

దాని పక్కన ఇంకో సంఘటన పెట్టి చూడండి. 2017 జనవరిలో టెక్సాస్‌లోని ప్రెసిడియో కౌంటీలో, రియో గ్రాండే నది పక్కన, వేట క్యాంపులో రాత్రి ఇద్దరికి తూటాలు తగిలాయి. సరిహద్దు దాటి వచ్చినవాళ్లు దాడి చేశారని మొదట గట్టిగా ప్రచారమైంది, విరాళాలు కూడా వచ్చాయి. షెరీఫ్ దర్యాప్తులో బయటివాళ్లెవరూ వచ్చిన ఆనవాళ్లు లేవని తేలింది. చీకట్లో ఒకరి తూటా ఒకరికి తగిలిందని చెప్పారు. నాకు రిప్ క్రూ కంటే ఈ సంఘటనే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఎందుకంటే అక్కడున్నవాళ్లు అనుభవం ఉన్నవాళ్లే. సరిహద్దు గురించి విన్న కథలు తలలో తిరుగుతుంటే, రాత్రి ఏ చప్పుడైనా దాడిలాగే వినిపిస్తుంది. మన క్యాంపుల్లో ఆ కథలు చెప్పుకోవడం ఒక అలవాటు, పైగా మందు గ్లాసుతో. క్యాంపులో తుపాకీలు ఖాళీగా, తాళం వేసి ఉండాలి. రాత్రి చప్పుడైతే టార్చ్ వెయ్యండి, గట్టిగా పిలవండి. లేచి బయటికెళ్లేవాడు పక్క టెంట్‌లో వాడికి చెప్పి వెళ్లాలి.

మనుషులు ఎదురైతే ఏం చెయ్యాలి? దూరం ఉంచండి, రైఫిల్ భుజానే ఉండనివ్వండి, చెయ్యెత్తి పలకరించి మీ దారిన మీరు పక్కకు వెళ్లండి. నీళ్లడిగితే ఇవ్వండి. ఆ ఎడారిలో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది దాహంతో, వేడితో పోయేవాళ్లే. 2019 జూన్‌లో లూక్‌విల్ దగ్గర ఆరేళ్ల పంజాబీ పాప ఎండకు చనిపోయింది. తల్లి పాపను తోటివాళ్ల దగ్గర వదిలి నీళ్ల కోసం వెళ్లింది. ఆ రోజు ఎండ 42 డిగ్రీలు. కాబట్టి పొదల్లోంచి బయటికి వచ్చే మనిషి మీతో హిందీలో మాట్లాడినా ఆశ్చర్యపోకండి. ఎవరైనా బాగాలేకుంటే 911కి ఫోన్ చెయ్యండి, నీడలో కూర్చోబెట్టండి. జాలిపడి బండిలో మాత్రం ఎక్కించుకోవద్దు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లను బండిలో తరలించడం ఫెడరల్ నేరం కిందికి రావొచ్చు. సహాయం అక్కడికే రప్పించండి. ఎడారిలో ఎవరో పెట్టిన నీళ్ల డబ్బాలు కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి.

మనం ఎలా కనిపిస్తామన్నది కూడా ఆలోచించాలి. సరుకు మోసేవాళ్లలో చాలామంది కామోఫ్లాజ్ బట్టలే వేసుకుంటారు. నల్లటి మనిషి, వారం గడ్డం, కామో చొక్కా, వీపున పెద్ద సంచి: హెలికాప్టర్ నుంచి చూసే ఏజెంట్‌కు మనం ఎవరం? అరిజోనాలో ఆరెంజ్ వెస్ట్ తప్పనిసరి కాదు. నేను మాత్రం వేసుకోమంటాను. జింకకు ఆ రంగు మనకు కనిపించినట్టు కనిపించదు, వేట చెడిపోదు. ఏజెంటో వైల్డ్‌లైఫ్ మేనేజరో దగ్గరికొస్తుంటే బోల్ట్ తెరిచి రైఫిల్ కింద పెట్టి, చేతులు కనిపించేలా నిలబడండి. నేలలో సెన్సర్లుంటాయి, మీ నడకకే వాళ్లు వస్తారు. అది మీ మీద అనుమానం కాదు, వాళ్ల ఉద్యోగం.

కాల్చేముందు వెనకాల ఏముందో చూడండి. ఇది ప్రతిచోటా ఉన్న నియమమే, ఇక్కడ ఇంకా గట్టిది. రైఫిల్ తూటా గురి తప్పితే మైళ్ల దూరం వెళ్తుంది. దక్షిణపు గట్టు అంచున, వెనకాల ఆకాశం తప్ప ఏమీ లేకుండా నిలబడ్డ జింక ఎంత పెద్దదైనా వదిలెయ్యాలి. కొండల్లో చాలాచోట్ల ఆ తొమ్మిది మీటర్ల ఇనుప గోడ లేదు, ముళ్లకంచో బండ్లు రాకుండా పెట్టిన ఇనుప దిమ్మెలో ఉంటాయి. కొన్నిచోట్ల అవీ కనిపించవు. ఆఫ్‌లైన్ మ్యాప్‌లో సరిహద్దు గీతను గుర్తు పెట్టుకుని, అర మైలు ఇవతలే ఆగండి. సరిహద్దు వెంట 60 అడుగుల పట్టీ 1907 నుంచి ఫెడరల్ ప్రభుత్వానిది. 2025లో న్యూ మెక్సికోలో ఆ పట్టీతో పాటు ఇంకొంత భూమినీ సైన్యానికి అప్పగించారు. అక్కడ అడుగుపెడితే సైనిక స్థావరంలోకి చొరబడ్డట్టే. ఈ హద్దులు మారుతున్నాయి, కాబట్టి పోయినేడాది మ్యాప్ నమ్మొద్దు. వెళ్లే వారమే కొరోనాడో నేషనల్ ఫారెస్ట్ ఆఫీసుకి, రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన గేమ్ అండ్ ఫిష్‌కి ఫోన్ చేసి అడగండి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది చీకటికి. నవంబర్ చివర నొగాలెస్ దగ్గర సాయంత్రం ఐదూ ఇరవైకే పొద్దుపోతుంది. నాలుగున్నరకు ఎదురు లోయలో మంచి కొమ్ములున్న జింక కనిపిస్తుంది. కాలుస్తారు, పడుతుంది. దాని దగ్గరికి చేరేసరికి చీకటి. చర్మం ఒలిచి, ఎముకల నుంచి మాంసం తీసి సంచులకెత్తేసరికి ఎనిమిది. ఇప్పుడు వీపున 25 కిలోలతో, కూచిగా పొడుచుకునే షిన్‌డ్యాగర్ మొక్కల మధ్య, జారే గులకరాళ్ల మీద, హెడ్‌లైట్ వెలుగులో రెండు మైళ్లు నడవాలి. మోకాళ్లు, మడమలు పోయేది అప్పుడే. రూబీ, ఓరో బ్లాంకో చుట్టుపక్కల పాత గనుల గోతులున్నాయి. (గనుల ఇన్‌స్పెక్టర్‌ని ఓట్లేసి ఎన్నుకునే రాష్ట్రం మనది, అంత గనుల చరిత్ర ఉంది.) పైగా అక్కడి రాకపోకలన్నీ రాత్రిపూటే. అందుకని నా పద్ధతి, మధ్యాహ్నం మూడున్నర దాటితే లోయ అవతల ఉన్న జింక మీద తుపాకీ ఎత్తను. దాన్ని చూసి పెట్టుకుని, తెల్లారి అక్కడికే వస్తాను. చాలాసార్లు అదే వాలులో ఉంటుంది. తప్పక రాత్రి నడవాల్సి వస్తే లైట్లు వేసుకుని, మాట్లాడుకుంటూ రండి. దాక్కుని నడిచేవాడే అక్కడ అనుమానానికి గురవుతాడు.

నీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, అక్టోబర్ హంట్ అయితే ఇంకా ఎక్కువ. వాగులు ఎండిపోయి ఉంటాయి, పశువుల చెరువు నీళ్లు ఫిల్టర్ చెయ్యకుండా తాగొద్దు. బండి రోడ్డు వైపు ముఖం పెట్టి ఆపండి. తాళం చెవి టైరు మీద దాచే అలవాటుంది మన వేటగాళ్లకు, అది ఇక్కడ మానెయ్యండి. క్యాంపు వాగులో వెయ్యొద్దు, రాత్రి నడిచేవాళ్ల దారి అదే.

ఫోన్ల సంగతి. చాలా లోయల్లో సిగ్నల్ ఉండదు. గట్టు మీద ఉంటే అది మెక్సికో టవర్ కావచ్చు. అక్కడా ఎమర్జెన్సీ నంబర్ 911నే, కాల్ ఎటు పోతుందో మీ చేతుల్లో ఉండదు. శాటిలైట్ మెసెంజర్ తీసుకెళ్లండి, కొత్త ఐఫోన్లలో ఉన్న శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఇంటి పెరట్లో ఒకసారి డెమో చేసి చూసుకోండి. ఇంట్లో కాగితం మీద రాసిపెట్టండి: బండి ఎక్కడ ఆపుతున్నారు, ఏ లోయ, ఎన్నింటికి మెసేజ్ వస్తుంది. రాకపోతే ఇంట్లోవాళ్లు చెయ్యాల్సింది కౌంటీ షెరీఫ్‌కి ఫోన్. అరిజోనాలో వెతికే బాధ్యత షెరీఫ్‌దే. వాట్సాప్ గ్రూపులో ‘ఎవరైనా మా ఆయన్ని చూశారా’ అని పెట్టడం కాదు. (నవ్వులు) నవ్వొద్దు, మనవాళ్లు అదే చేస్తారు.

ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోత: రైఫిల్‌తో పాటు పిస్టల్ కూడా పెట్టుకోవాలా అన్నా, ఆత్మరక్షణకు?)

సిటిజన్, గ్రీన్ కార్డువాళ్లయితే మీ ఇష్టం. వీసా మీద ఉన్నవాళ్లకు మినహాయింపు ఇస్తున్నది వేట లైసెన్స్. వేటకు సంబంధం లేని పిస్టల్ నడుముకి కట్టి చెక్‌పాయింట్లో నిలబడితే ఆ కథ ఎవరికి చెప్తారు? అవసరం లేదంటాను. పైగా పిస్టల్ ఉన్నవాడు వెనక్కి వెళ్లాల్సిన చోట కాసేపు ఆగిపోతాడు.

(శ్రోత: మా ఆవిడా వస్తానంటోంది, ట్యాగ్ లేదు. పర్వాలేదా?)

భేషుగ్గా రావొచ్చమ్మా. బైనాక్యులర్స్ దగ్గర కూర్చోబెట్టండి, మనకంటే ముందు జింకను పట్టేస్తారు. ఆవిడ హెచ్-4 అయి లైసెన్స్ లేకపోతే మాత్రం రైఫిల్ గానీ తూటాలు గానీ ఆవిడ చేతికి ఇవ్వొద్దు, ‘కాసేపు పట్టుకో’ అని కూడా. ఐ-94 ఆవిడదీ జేబులో ఉండాలి.

(శ్రోత: గాయపడిన జింక కంచె దాటి అటుపక్క పడిపోతే ఏంటండీ? కళ్లెదురుగా కనిపిస్తూ ఉంటే?)

యాభై గజాల్లో ఉన్నా దాటొద్దు. తుపాకీ ఇక్కడ మిత్రుడికిచ్చి ఉత్త చేతులతో వెళ్తానన్నా వద్దు. అది అక్రమంగా సరిహద్దు దాటడం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ దాటడం. హెచ్-1బి మీద ఉన్న మనిషి ఒక్క జింక మాంసం కోసం ఆ పని చేస్తాడా? ఆ చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టి, గేమ్ అండ్ ఫిష్ నంబర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పండి, వాళ్లేం చెయ్యమంటే అది చెయ్యండి. నేనైతే ఆ ట్యాగ్ అక్కడితో అయిపోయిందనుకుంటాను. అసలు ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే కంచెకు అర మైలు లోపల ఏ జింక మీదా కాల్చకండి. అందుకే ఇందాక ఆ అర మైలు చెప్పాను. లైసెన్స్ తేదీలు చూపించుకోవాలనుకున్నవాళ్లు ఇటు ఈ టేబుల్ దగ్గరికి రండి.